'డాడీ కేమా?': మాటలు దాచుకున్న ఒక నాలుగేళ్ళ పాప కేసు

పాప ఇంగ్లీషు తప్పుగా మాట్లాడుతోందని స్కూలు వాళ్ళు రాసిచ్చిన కాగితంలో ఉంది. ఆ కాగితం నా చేతికిచ్చిన తల్లి మాత్రం, పాప ఈమధ్య మాట్లాడటమే తగ్గించేసిందని చెప్పింది. ఒకే పిల్ల మీద ఒకే రోజు అందిన ఈ రెండు ఫిర్యాదుల్లో ముందు దేన్ని పట్టించుకోవాలో తేల్చుకోవడంలో నేను పొరపాటు పడ్డాను. ఆ పొరపాటు వల్ల పాప కాలం ఆరు వారాలు వృథా అయింది. తోటి స్పీచ్ థెరపిస్టులకూ, పసివాళ్ళను ఇంగ్లీషు మీడియంలో చేర్చిన తల్లిదండ్రులకూ పనికొస్తుందని ఈ కేసును వివరంగా రాస్తున్నాను. కుటుంబం అనుమతి ఉంది. గుర్తుపట్టడానికి వీలున్న వివరాలు కొన్ని మార్చాను, కొన్ని వదిలేశాను. ఆమెను ఇక్కడ పాప అనే అంటాను.

నేపథ్యం

మొదటిసారి చూసేనాటికి పాప వయసు 4 ఏళ్ళ 4 నెలలు. హైదరాబాదులో అపార్ట్‌మెంట్‌లో ఉంటారు. తండ్రిది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, తల్లి ప్రసవం తర్వాత ఉద్యోగం మానేసింది, తండ్రి తల్లి కూడా వీళ్ళతోనే ఉంటుంది. కాన్పు మామూలుగానే జరిగింది. ఏడాది నిండేసరికి 'అత్త', 'బువ్వ' అనేది, రెండో ఏడు దాటకముందే రెండు మాటలు కలిపింది. మాట ఆలస్యమైన పిల్లల చరిత్రలో కనిపించే ఆనవాళ్ళేవీ ఈ కేసులో లేవు.

మూడేళ్ళు నిండీ నిండకముందే నర్సరీలో వేశారు. అక్కడ టీచర్లు ఇంగ్లీషే మాట్లాడతారు. మొదటి నాలుగు నెలలు పాప క్లాసులో నోరు విప్పలేదు, ఇంటికొచ్చాక మాత్రం నానమ్మకు క్లాసు మొత్తం అభినయించి చూపేది. కొత్త భాష మధ్యలో పడిన పసిపిల్లలు చాలామంది కొన్ని వారాలో, కొన్ని నెలలో ఇలా వింటూ కూర్చుంటారు. దాన్ని మౌన దశ అంటాం, చికిత్స అవసరం లేదు. ఆ తర్వాత పాప మాట్లాడటం మొదలుపెట్టింది. ఎల్‌కేజీకి వచ్చేసరికి ఆమె ఇంగ్లీషు ఇంటిల్లిపాదికీ పెద్ద కాలక్షేపమైపోయింది.

తల్లి ఆ ముచ్చట్లను ఒక నోటు పుస్తకంలో రాసిపెట్టుకుంది. కేసు మొత్తంలో నాకు అన్నిటికంటే ఎక్కువ ఉపయోగపడిన పత్రం అదే. సాయంత్రం తలుపు చప్పుడైతే పాప 'డాడీ కేమా?' అని అడిగేది. పాలు వద్దనడానికి 'ఐ డోంట్ వాంట్ మిల్క్ గిల్క్' అనేది. నిద్ర ముంచుకొస్తే 'టు మీ స్లీప్ ఈజ్ కమింగ్', గదిలో చీకటి పడితే 'లైట్ పుట్', ముద్దలు చిన్నవిగా కావాలంటే 'స్మాల్ స్మాల్'. గుడికి వెళ్ళిన నానమ్మ గురించి 'నానమ్మ, ఇట్ గోడ్ టు టెంపుల్' అంది. గడియ వేసిన తలుపు తీయమని 'అన్‌లాక్' నేర్చుకున్న మర్నాడే, తెరిచిన తలుపు మూయమని 'అన్‌ఓపెన్ ద డోర్' అని పురమాయించింది.

'డాడీ కేమా?'ను తండ్రి ఫోన్లో వీడియో తీసి బంధువుల వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. ఆ తర్వాత ఒక పెళ్ళిలో ఎదురైన ప్రతివాళ్ళూ, 'ఏదీ, ఒక్కసారి కేమా అను' అని పాపను అడిగారట. మొదట రెండు మూడు సార్లు అంది, తర్వాత తల్లి చీర కుచ్చిళ్ళలో ముఖం దాచుకుంది. సిగ్గుపడుతోందని అందరూ ఇంకా నవ్వారు. ఈ సంగతి తల్లి మొదటి రోజు మురిపెంగానే చెప్పింది, నేనూ నవ్వుతూనే విన్నాను.

వచ్చిన సమస్య

దసరా సెలవుల ముందు స్కూలు నుంచి చీటీ వచ్చింది. పాప క్రియలు తప్పుగా వాడుతోందనీ, ఆడవాళ్ళను 'ఇట్' అంటోందనీ, తెలుగు కలిపి మాట్లాడుతోందనీ, భాష ఎదుగుదలలో ఆలస్యం ఉందేమో చూపించాలనీ, ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడాలనీ దాని సారాంశం. నాలుగేళ్ళ పిల్లకు గ్రామర్ బలహీనం అన్న మాట కూడా అందులో ఉంది. చదివి నిట్టూర్చాను గానీ, అలాంటి చీటీలు వారానికొకటైనా చూస్తుంటాను కాబట్టి ఆశ్చర్యపోలేదు.

ఆ సలహాను తండ్రి అక్షరాలా అమలు చేశాడు. అందుకు ఆయన కారణం ఆయనకుంది. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివి, మొదటి ఇంటర్వ్యూలో జవాబు తెలిసీ వాక్యం కుదరక కూర్చుండిపోయిన మనిషి ఆయన. 'నా కష్టం నా బిడ్డకు రావద్దు మేడమ్' అన్నాడు. ఆ మాటను నేను తేలిగ్గా తీసుకోలేను. ఇంట్లో తెలుగు బందయింది. ఇంగ్లీషు రాని నానమ్మకు పాపతో అవసరమైనంతే మాట్లాడమని చెప్పారు. ఆరు వారాలు తిరిగేసరికి పాప స్కూల్లో మాట్లాడటం తగ్గించింది, ఇంట్లో వేలు చూపించి అడగడం మొదలుపెట్టింది, తప్పనిసరైతే 'ఐ... ఐ... ఐ' అని ఆగిపోయేది. ఇక నత్తి కూడా మొదలైందని కంగారుపడి నా దగ్గరకు తీసుకొచ్చారు.

పరీక్షలు, వాటి వెనక ఆలోచన

మాట గురించి ఏ అనుమానం వచ్చినా ముందు చెవి చూడాలి. వినికిడి పరీక్ష చేయించాం, రెండు చెవులూ బాగున్నాయి. 'ఐ... ఐ' అన్నది నత్తిలా అనిపించలేదు. ఆమె మాటలోని మొదటి శబ్దం దగ్గర ఇరుక్కోవడం లేదు, మాట మొత్తాన్ని తిప్పి అంటోంది, ముఖం బిగదీయడం లేదు, తెలుగులో అదీ లేదు. రాబోయే వాక్యాన్ని వెతుక్కునే పిల్ల చేసే పని అది.

అసలు ప్రశ్న భాషా లోపం ఉందా అన్నది. భాషా లోపం నిజంగా ఉంటే అది పిల్ల మాట్లాడే అన్ని భాషల్లోనూ కనబడుతుంది, ఒక్క ఇంగ్లీషులోనే ఉండదు. రెండో భాషను ఏడాదిన్నరగా మాత్రమే వింటున్న పిల్లను ఆ భాషలో మాత్రమే కొలిచి లోపం ఉందనడం, ఈత నేర్చుకుంటున్నవాణ్ణి నీళ్ళలో చూసి కాళ్ళు బాగాలేవనడం లాంటిది. అందువల్ల ఇంగ్లీషు సొంత భాషగా ఉన్న పిల్లల కోసం తయారైన పరీక్షల అంకెలు ఈ కేసులో వాడకూడదని నిర్ణయించుకుని, తెలుగుతో మొదలుపెట్టాను.

నానమ్మను గదిలోకి పిలిచి, పాపను ఆమె ఒళ్ళో కూర్చోబెట్టి, మీ మేడ మీదికి కోతి వచ్చిందట కదా అన్నాను. పాప ముందు తల్లి వైపు చూసింది, తెలుగు మాట్లాడవచ్చా అన్నట్టు. తల్లి తల ఊపాక మొదలుపెట్టింది. 'కోతొచ్చి అరటిపండు లాక్కుంటే, నానమ్మ పో అని రాయిలు విసిరితే, అది పోకుండా ఇట్ల పళ్ళు చూపించింది' అని చెప్పి, తానూ పళ్ళు చూపించింది. ఆ ఒక్క వాక్యంలో రెండు షరతులున్నాయి, ఒకరి మాటను మరొకరు చెప్పే 'అని' ఉంది, 'పోకుండా' అన్న వ్యతిరేకం ఉంది, జరిగిన వరుస చెదరలేదు. లోపమున్న పిల్ల భాషలో ఇంత అల్లిక కష్టం.

ఆ వాక్యంలో ఒక తప్పు కూడా ఉంది, గమనించండి. రాయికి బహువచనం రాళ్ళు, పాప 'రాయిలు' అంది. ఇంగ్లీషులో వెంట్ అనాల్సిన చోట 'గోడ్' అనడమూ, తెలుగులో రాళ్ళు అనాల్సిన చోట 'రాయిలు' అనడమూ ఒకే పని. సూత్రం పట్టుకున్న పిల్ల దాన్ని మినహాయింపుల మీద కూడా ప్రయోగిస్తుంది. 'రాయిలు' అన్నందుకు మాత్రం ఎవరూ చీటీ రాయలేదు.

రెండో భేటీలో ఒక బొమ్మ గీశాను. రెండు తోకలూ ఒక కొమ్మూ ఉన్న జంతువు, పేరు గిమ్మి, అలాంటి మాట ఏ భాషలోనూ ఆమె విని ఉండదు. 1958లో జీన్ బెర్కో అనే అమెరికన్ పరిశోధకురాలు వగ్ అనే లేని పిట్ట బొమ్మ చూపించి పిల్లలతో బహువచనాలు చెప్పించింది. విన్న మాటలనే అప్పజెబుతున్నారా, సూత్రం పట్టుకున్నారా అని తేల్చడానికి ఆమె కనిపెట్టిన ఉపాయం అది, నేను దాన్ని తెలుగుకు సర్దుకున్నాను. పక్కన ఇంకొకటి గీసి, 'ఇది గిమ్మి, ఇప్పుడు రెండున్నాయి, రెండు...' అని ఆపాను. 'గిమ్ములు' అంది పాప, ఇందులో అడగడానికేముంది అన్నట్టు. పిల్లి పిల్లులైనట్టు, బల్లి బల్లులైనట్టు, 'లు' చేరేటప్పుడు చివరి ఇకారం ఉకారమవుతుందని ఆమెకు ఎవరూ నేర్పలేదు. కాసేపు ఆగి అదే బొమ్మ మీద ఇంగ్లీషులో అడిగాను. 'టూ గిమ్మీస్' అంది. ఒకే జంతువుకు రెండు భాషల సూత్రాలను, ఒకదానితో ఒకటి కలపకుండా, విడివిడిగా వర్తింపజేసిన పిల్లకు భాష కలగాపులగమైందనడం ఎలా కుదురుతుంది?

నాకు మిగిలిన అనుమానం ఆ రోజు చివర్లో తీరింది. బొమ్మల కారులో కుటుంబాన్ని ఎక్కిస్తూ పాప 'వీ ఆర్ గోయింగ్ టు జూ' అంది. 'అవునా, మనం జూకి వెళ్తున్నామా?' అన్నాను. పాప చెయ్యి ఆపి, నన్ను చూసి, చాలా గట్టిగా 'మనం కాదు, మేము!' అంది. వినేవాళ్ళను కలుపుకుంటే మనం, కలుపుకోకపోతే మేము. ఇంగ్లీషుకు ఈ తేడా లేదు, రెంటికీ వీ ఒక్కటే. ఆ గదిలో ఆ లోటును ముందు పట్టుకున్నది నేను కాదు.

ఇక నోటు పుస్తకంలోని తప్పులు. వాటిని చదివితే తెలుగు వ్యాకరణం ఇంగ్లీషు చొక్కా తొడుక్కున్నట్టుంటుంది. 'కేమా'లో ఉన్నది వచ్చిందా, తిన్నావా అన్న మాటల చివరి ప్రశ్నార్థకపు 'ఆ'. 'టు మీ స్లీప్ ఈజ్ కమింగ్' అంటే నాకు నిద్ర వస్తోంది, తెలుగులో నిద్ర, ఆకలి, జ్వరం, కోపం అన్నీ మన దగ్గరకు వచ్చేవే, మనం చేసేవి కావు. 'లైట్ పుట్' లైటు వెయ్యి. 'మిల్క్ గిల్క్' పాలూ గీలూ. అన్నిటికంటే లోతైనది 'ఇట్'. నాన్న వెళ్ళాడు, నానమ్మ వెళ్ళింది, కుక్క వెళ్ళింది, బస్సు వెళ్ళింది. ఏకవచనంలో మన క్రియ మగవాణ్ణి ఒక పక్కన పెట్టి, ఆడవాళ్ళను, జంతువులను, వస్తువులను ఒకే గాటన కడుతుంది. పాప నానమ్మను 'ఇట్' అనడంలో అమర్యాద లేదు, తెలుగు క్రియ చెప్పిన లెక్క ఉంది. దీన్ని టీచర్‌కు వివరించినప్పుడు ఆమె, 'మరి మనమందరం ఇన్నాళ్ళూ ఇలాగే మాట్లాడుతున్నామా' అని తనలో తాను వెళ్ళింది, వెళ్ళింది అని రెండుసార్లు అనుకుంది.

'గోడ్', 'ఈటెడ్', 'ఫుట్స్', 'అన్‌ఓపెన్' తెలుగువి కావు. ఇంగ్లీషు సొంత భాషగా పెరిగే పిల్లలూ ఇవే అంటారు. మొదట విన్నది విన్నట్టు వెంట్ అని, సూత్రం దొరికాక 'గోడ్' అని, మళ్ళీ వెంట్‌కు వస్తారు. మధ్యలో చూసినవాళ్ళకు పిల్ల వెనక్కి వెళ్ళినట్టు కనబడుతుంది. గ్యారీ మార్కస్, స్టీవెన్ పింకర్ మొదలైన పరిశోధకులు 83 మంది పిల్లల మాటలను పరిశీలించి 1992లో ప్రకటించిన లెక్కలో, సూత్రానికి లొంగని వెంట్ లాంటి భూతకాల క్రియల్లో ఇలాంటి తప్పుల మధ్యస్థ విలువ నూటికి 2.5 మాత్రమే. మనకు ఎక్కువగా అనిపించడానికి కారణం, ముద్దొచ్చే తప్పు గుర్తుంటుంది, ఒప్పుగా అన్న మాట వినబడకుండానే పోతుంది.

మొదటి ప్రయత్నం, నా తప్పు

ఇంత తెలిసీ నేను చేసిన పని ఏమిటంటే, క్రియల కార్డులు తీశాను. లోపం లేదని నివేదిక రాసిచ్చినా తండ్రి ముఖంలో తృప్తి కనిపించలేదు, స్కూలుకు చూపించడానికి ఏదో ఒక మెరుగు కావాలన్నాడు. కొలవగలిగిన పని ఏదైనా పెట్టుకుంటే కుటుంబం కుదుటపడుతుందని, ఆ తర్వాత మౌనం సంగతి చూడవచ్చని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. ఎప్పటికప్పుడు లెక్క చూపించమనే తల్లిదండ్రుల ముందు మనలో చాలామందిమి ఇక్కడే జారతాం.

పది క్రియలు, ఇరవై బొమ్మలు, వారానికి రెండు భేటీలు. వెళ్తున్న అమ్మాయి బొమ్మ చూపి, నిన్న ఏం చేసిందని అడిగితే పాప వెంట్ అనాలి. రెండో వారానికే కార్డు చూపిస్తే వెంట్, ఏట్, కేమ్ అని టకటకా చెప్పింది. తండ్రి సంతోషించాడు. నాలుగో వారంలో బూట్లు వేసుకుంటూ పాప తనంతట తాను అన్న ఒకే ఒక్క వాక్యం 'నానమ్మ వెంటెడ్ ఊరు'. కార్డులో నేర్చుకున్న వెంట్‌కు కూడా ఆమె సూత్రం తన 'ఎడ్' తగిలించింది. కార్డు ఆమె నోటిని తాకింది, వ్యాకరణాన్ని తాకలేదు.

అంతకంటే పెద్ద నష్టం మరొకటి. మొదటి భేటీల్లో బొమ్మల కారుతో ఆడుతూ గలగలా మాట్లాడిన పిల్ల, ఇప్పుడు గదిలోకి రాగానే కుర్చీలో కూర్చుని కార్డుల కోసం ఎదురుచూసేది. అడిగినదానికి జవాబు, లేకపోతే మౌనం. ఆరో వారంలో నేను టైము చూసుకోవడానికి ఫోను చేతిలోకి తీసుకున్నాను. పాప అరచేయి నోటికి అడ్డం పెట్టుకుంది. ఫోను బల్ల మీద పెట్టాను, చెయ్యి దిగింది. మళ్ళీ తీశాను, మళ్ళీ చెయ్యి. పెళ్ళిలో చీర కుచ్చిళ్ళ సంగతి అప్పుడు గుర్తొచ్చింది.

ఒక చోట మాట్లాడి మరో చోట నోరు విప్పని పిల్లల్లో సెలెక్టివ్ మ్యూటిజం అనే ఆందోళన సమస్య ఉంటుంది, దాన్నీ ఆలోచించాను. కానీ ఈ పాప ఏ మనిషితోనూ, ఏ చోటా పూర్తిగా మానలేదు. తెలుగు అనుమతించగానే నా గదిలోనే కోతి కథ చెప్పింది. ఆమె దాచుకుంటున్నది నవ్వు తెప్పించే మాటలను. ఏ మాటకు నవ్వుతారో ముందే తెలియదు కాబట్టి, దాదాపు అన్నిటినీ దాచుకోవలసి వచ్చింది. స్కూల్లో సరిదిద్దుతున్నారు, చుట్టాలు నవ్వుతున్నారు, నేను కార్డులు చూపిస్తున్నాను. మా అందరిలోనూ పాప ఏం చెబుతోందో వినేవాళ్ళు లేరు.

రెండో ప్రయత్నం

కార్డులు తీసేసి, ఇంట్లో పూర్తిగా తెలుగే మాట్లాడమన్నాను. ఇది కూడా కుదరలేదు, ఎందుకు కుదరలేదో రెండు వారాల్లోనే తెలిసింది. పాపకు బొమ్మలను వరసగా కూర్చోబెట్టి టీచర్ ఆట ఆడటం ఇష్టం, ఆ ఆట ఇంగ్లీషులోనే సాగుతుంది. నా మాట ప్రకారం తల్లి 'తెలుగులో ఆడుకో' అన్నదట, పాప బొమ్మలను డబ్బాలో వేసి మూత పెట్టేసిందట. నిన్నటిదాకా ఒక భాష వద్దన్నారు, ఇప్పుడు రెండోది వద్దంటున్నారు. ఆ మాట తల్లి అనలేదు, నేనే నాకు అనుకున్నాను.

పని చేసినది

ఈసారి పాపతో కాకుండా పెద్దవాళ్ళతో మొదలుపెట్టాను. ఒక పూట భోజనం వేళ పాపతో ఎవరెవరు ఏమన్నారో కాగితం మీద రాసి తెమ్మని తల్లిని అడిగాను. ఆమె తెచ్చిన కాగితంలో ఉన్నది ఇంతే: కమ్. సిట్. ఈట్. ఈట్ ఫాస్ట్. డోంట్ స్పిల్. ఫినిష్ ఇట్. గుడ్ గర్ల్. ఇది దసరాకు ముందు అయితే ఎలా ఉండేదని అడిగితే, నానమ్మ ముద్దముద్దకూ కోతి ముద్ద, కాకి ముద్ద అని పేర్లు పెట్టి తినిపించేదని చెప్పింది, చెబుతూ ఆగిపోయింది. ఈ దంపతుల ఇంగ్లీషు ఆఫీసుకు సరిపోయే ఇంగ్లీషు. అందులో బుజ్జగింపు లేదు, వేళాకోళం లేదు, అలక తీర్చడం లేదు. భాష మార్చితే మాటల సంఖ్య ఒక్కటే తగ్గదు, ఆజ్ఞలు తప్ప మిగతావన్నీ రాలిపోతాయి. తండ్రిని ఒప్పించింది నా పరిశోధనల కబుర్లు కాదు, ఆ కాగితం. దాన్ని ఆయన మడిచి జేబులో పెట్టుకున్నాడు.

నానమ్మ అదే రోజు నాతో, 'నేను మాట్లాడితే పిల్లకు ఇంగ్లీషు రాదంట గదమ్మా, అందుకే నోరు కట్టేసుకున్న' అంది. ఆమెకు నేను చెప్పిన వైద్యం ఒక్కటే, రోజూ రాత్రి కథ, భోజనం వేళ ముద్దల పేర్లు, ఎప్పటిలాగే. మొదటి భాష ఎంత చిక్కగా ఉంటే రెండో భాషకు అంత ఆసరా దొరుకుతుందని ఆమెకు వివరించనక్కర్లేకపోయింది. 'గంతేనా' అని నవ్వింది.

ఇంగ్లీషును నిషేధించలేదు. పాప ఏ భాషలో మొదలుపెడితే ఆ భాషలోనే జవాబివ్వాలి, వీలుకాకపోతే తెలుగులోనే ఇవ్వాలి, అంతే గానీ భాష మార్చమని అడగకూడదు. టీచర్ ఆట తిరిగి ఇంగ్లీషులోకి వచ్చింది, నానమ్మకు వెనక బెంచీలో సీటు దొరికింది.

తప్పు వచ్చినప్పుడు ఏం చేయాలన్నది ఇంట్లో అందరికీ ఆడి చూపించాను. దీన్ని మేం రీకాస్ట్ అంటాం. పిల్ల చెప్పిన సంగతికి జవాబిస్తూ, ఆమె వాక్యాన్ని సరైన రూపంలో మన వాక్యంగా అనేయడం. పాప 'నానమ్మ, ఇట్ గోడ్ టు టెంపుల్' అంటే, 'ఓహో, షీ వెంట్ టు ద టెంపుల్! ప్రసాదం తెచ్చిందా?' అనాలి. షీ అన్న మాటను నొక్కకూడదు, ఇప్పుడు నువ్వు అను అని అడగకూడదు, ప్రసాదం సంగతి నిజంగా తెలుసుకోవాలి. మూడో భాగమే కష్టం. తండ్రి మొదటి వారమంతా షీని గట్టిగా నొక్కి, పాప మళ్ళీ అంటుందేమోనని ఎదురుచూశాడు. ఎదురుచూడటం కూడా ఒక పరీక్షే, పిల్లలకు అది తెలిసిపోతుంది.

ఫోను విషయంలో మాత్రం నియమం కఠినంగా పెట్టాను. పాప మాట్లాడుతున్నప్పుడు ఫోను ఎత్తకూడదు. గ్రూపులో పెట్టిన వీడియో తీసేయాలి. చుట్టాలు 'కేమా అను' అంటే తల్లిదండ్రులే అడ్డుపడాలి. ముద్దు మాటలు పోతాయే అన్న బెంగ తల్లికి ఉంటే నోటు పుస్తకంలో రాసుకోవచ్చు, పాప నిద్రపోయాక. నవ్వకూడదని నేను అనలేదు, అది అసాధ్యం. పాప తానే నవ్వించాలని అన్న మాటకు నవ్వడం వేరు, ఆమె గంభీరంగా చెప్పిన సంగతికి నవ్వడం వేరు. ఆ తేడా పాటిస్తే చాలు.

స్కూల్లో క్లాస్ టీచర్ ఒక్కరితోనే మాట్లాడాను. యాజమాన్యానికి లేఖ రాస్తే మరో ఫైలు అవుతుంది గానీ పాపకు ఒరిగేదేమీ ఉండదనిపించింది. టీచర్‌ను అడిగినవి రెండు: అందరి ముందు సరిదిద్దవద్దు, పాప తెలుగు మాట కలిపితే దాని అర్థం అందుకుని సాగిపోండి. ఆమె మూడోది తానే చేసింది. పొద్దున క్లాసులో పిల్లలను ఇంటి మాట ఒకటి నేర్పమని అడగడం మొదలుపెట్టింది, పాప వంతు వచ్చిన రోజు టీచర్‌కు మనం, మేము నేర్పిందట.

మొదటి మూడు వారాలు ఏమీ కదలలేదు. నాలుగో వారంలో తల్లి నోటు పుస్తకంలో కొత్త తప్పు ఒకటి చేరింది: 'నానమ్మ టెల్డ్ మీ క్రో స్టోరీ.' తల్లి దాన్ని కొంచెం భయంగానే చూపించింది. నా ఫైల్లో నేను ఆ రోజును మలుపుగా రాసుకున్నాను. పాప ఎవరూ అడగకుండా, తనంతట తాను, ఇంట్లో జరిగిన సంగతిని స్కూలు భాషలో చెప్పింది, తప్పు అవుతుందేమోనని ఆగలేదు. రెండు నెలలకు 'ఐ... ఐ' తగ్గింది, వేలు చూపించడం పోయింది.

ఈ కేసు తర్వాత నా పద్ధతిలో మారినవి

స్కూలు చీటీతో వచ్చిన పిల్లను ఇప్పుడు ముందు తెలుగులోనో, ఉర్దూలోనో, ఇంట్లో ఏది ఉంటే అందులోనో చూస్తాను, ఆ భాష నాకు రాకపోతే ఇంటి పెద్దను పక్కన కూర్చోబెట్టుకుంటాను. పిల్ల ఎన్ని తప్పులు చేస్తోందన్నది కాకుండా, రోజులో ఎన్నిసార్లు తనంతట తాను మాట మొదలుపెడుతోందన్నది అడుగుతాను. తప్పులు పెరిగి మాటలూ పెరుగుతుంటే నాకు దిగులు లేదు. తప్పులు తగ్గి, వాటితో పాటు మాటలూ తగ్గుతుంటే ఎవరు నవ్వారో, ఎవరు సరిదిద్దారో వెతుకుతాను. పిల్ల వీడియోలు ఎక్కడైనా పెట్టారా అన్న ప్రశ్న నా మొదటి రోజు ఫారంలో చేరింది. తల్లిదండ్రులను కుదుటపరచడానికి చేసే పనిని చికిత్స అని ఫైల్లో రాయడం మానేశాను.

ఎనిమిది నెలల తర్వాత చివరిసారి చూసినప్పుడు పాప యూకేజీలో ఉంది. వెంట్, ఏట్, కేమ్ వాటంతట అవే స్థిరపడ్డాయి. 'టు మీ' పోయింది. 'కేమా' కూడా పోయింది, తండ్రికి కొంచెం వెలితిగా ఉన్నట్టుంది. 'ఇట్' మాత్రం ఇంకా వెళ్ళలేదు, టీచర్ గురించి షీ అంటుంది గానీ నానమ్మ మాట వచ్చేసరికి ఇట్ అయిపోతుంది. తెలుగు క్రియ వేసిన ముద్ర అంత త్వరగా పోదని ముందే అనుకున్నాను కాబట్టి దాని జోలికి పోలేదు, ఆరు నెలల తర్వాత ఒకసారి రమ్మన్నాను.

వెళ్ళేముందు బొమ్మల కారు దగ్గరకు వెళ్ళి అందరినీ ఎక్కించింది. 'వీ ఆర్ గోయింగ్ టు జూ' అని, నన్ను చూసి, ఈసారి గొడవ రాకుండా ముందే తేల్చేసింది: 'వీ నాట్ యూ.' సరే అన్నాను. కారు బల్ల చివరిదాకా వెళ్ళి తిరిగి వచ్చింది, నానమ్మ బొమ్మను దించి, తలుపు మూయమని నాకు పురమాయించింది.

'అన్‌ఓపెన్ ద డోర్, ఆంటీ.'

మూశాను.